తగ్గని బియ్యం

ఫోను లిఫ్టు గుంతలో పడిపోయిన రోజు శుక్రవారం, పన్నెండో తారీఖు.

అయిదో అంతస్తులో మోకాళ్ళ మీద కూర్చుని తలుపు చక్రాలకు నూనె పెడుతున్న మెకానిక్, చెయ్యి తుడుచుకోవడానికి చొక్కా జేబులోంచి గుడ్డముక్క లాగాడు. గుడ్డతో పాటు ఫోనూ వచ్చింది. గడప అంచుకు ఒకసారి తగిలి, తలుపుకూ లిఫ్టు పెట్టెకూ మధ్య ఉండే రెండు వేళ్ళ సందులోంచి చీకట్లోకి జారిపోయింది. పదిహేడేళ్ళుగా ఆ పనిలో ఉన్నవాడు. ఆ సందులో పడిన తాళంచెవులు, కమ్మలు, ఒకసారి ఒక పెద్దాయన కట్టుడు పళ్ళు తీసిచ్చినవాడు. పైజేబులో ఏమీ పెట్టుకోవద్దని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేదీ అతనే.

కింద మెత్తగా చప్పుడైంది. గుంతలో నూనె పీల్చుకోవడానికి పాత గోనెలు పరిచి ఉన్నాయి. పగిలి ఉండదనుకున్నాడు. దిగి తెచ్చుకోవడం పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాలూ లిఫ్టు ఆగి ఉండాలి. దాన్ని ఆపడానికి ఇచ్చిన గడువు పదకొండుతో అయిపోతుంది, గోడ గడియారం అప్పటికే పదకొండు చూపిస్తోంది. అది డాక్టర్ల భవనం. రెండో లిఫ్టు చెడిపోయి నెలైంది. కింద చక్రాల కుర్చీల్లో నలుగురు రోగులు ఎదురుచూస్తున్నారు. మేనేజరు కాగితం మీద సంతకం చూపించి, మళ్ళీ రాత్రి ఎనిమిదికే ఆపనిస్తానన్నాడు. లిఫ్టు నడుస్తుండగా గుంతలోకి దిగకూడదన్న నియమం ఎందుకు వచ్చిందో మెకానిక్‌కు బాగా తెలుసు. ఆ నియమానికి కారణమైన మనిషితో కలిసి అతను ఆరేళ్ళు పనిచేశాడు. తలుపు మూశాడు.

మామూలు రోజైతే ఎనిమిదింటి దాకా ఆగేవాడు. ఇవాళ సాయంత్రం ఆరులోగా ఒక వాయిదా కట్టాలి. రెండువేల నాలుగు వందలు. డబ్బు ఖాతాలో ఉంది, పొద్దున్నే తోటి మెకానిక్ దగ్గర చేబదులు తీసుకుని వేసుకున్నాడు. కట్టాలంటే ఆ ఫోనే కావాలి. ఆరు దాటితే అప్పిచ్చినవాళ్ళు ముందు అతని నంబరుకు చేస్తారు. ఎత్తకపోతే, వాళ్ళ దగ్గర మొదటిసారి అప్పు తీసుకున్నప్పుడు అతను రాసిచ్చిన నంబర్లకు చేస్తారు. రెండు రాసిచ్చాడు. మొదటిది అమ్మది. రెండోది భార్యది.

అమ్మ బతికుండగా, తర్వాత అతను తీర్చేసిన ఒక చిన్న అప్పుకు, ఒకసారి అలాగే చేశారు. అప్పటికే మంచం పట్టిన అమ్మ ఏం మాట్లాడిందో తర్వాత ఆ అప్పుల ఆఫీసు అమ్మాయే చెప్పింది. మావాడు ఇస్తాడులే తల్లీ అని, నువ్వు అన్నం తిన్నావా అని అడిగిందట. ఆ ఉద్యోగంలో చేరాక తనని ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే అంది ఆ అమ్మాయి. కొడుకు ఎందుకు తీసుకున్నాడో, ఎంత తీసుకున్నాడో అమ్మ ఎప్పుడూ అడగలేదు. నాలుగు నెలల కిందట ఆవిడ పోయింది. నంబరూ ఆగిపోయింది. ఇక మిగిలింది భార్య నంబరే.

అప్పులవాళ్ళ ఫోను భార్యకు మోగకముందే తన నోటితో తాను చెప్పాలి. ఆ రోజు అతని ప్రాణమంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

దానికి కారణం లేకపోలేదు. ఆమె పుట్టింట్లో ఆమె చిన్నప్పుడు అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చునేవారు. తండ్రి వెనక గదిలో దాక్కుని కూతుర్ని బయటికి పంపేవాడు. నాన్న ఇంట్లో లేడని చెప్పు అని. ఎనిమిదేళ్ళ పిల్ల గుమ్మం పట్టుకుని ఆ మాట చెప్పేది. పెళ్ళికి ముందు ఆమె అతన్ని అడిగింది నగలూ కాదు, చీరలూ కాదు. మనింటికి అప్పులవాళ్ళు రాకుండా ఉంటే చాలు అంది. అతను నవ్వి సరేనన్నాడు. అప్పట్లో నవ్వడం తేలికే. జీతంలో నాలుగోవంతు పెడితే నెల సరుకులు వచ్చేవి.

ఇప్పుడు సగం పెట్టినా రావడం లేదు. వాళ్ళ వీధి దుకాణంవాడు ధరల కాగితం అంటించడం మానేసి పలక మీద సుద్దతో రాస్తున్నాడు, తుడవడం తేలికని. అమ్మ ఉన్నన్నాళ్ళూ వంటింటి లెక్క ఆవిడదే. ఆవిడ పోయిన రెండో వారం మెకానిక్ పొద్దున్నే బియ్యం డబ్బా మూత తీసి చూస్తే బియ్యం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మూడో వారమూ అంతే. భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. పొద్దున అయిదున్నరకు వెళ్ళి రెండున్నరకు వస్తుంది. అత్తాకోడళ్ళు ఆ వేళప్పుడే ఎదురెదురుగా కూర్చుని తినేవారు. ఇప్పుడు ఒక్కతే కంచం ముందు కూర్చోలేక తినడం మానేసిందని అతనికి రూఢి అయిపోయింది. లేకపోతే డబ్బా తగ్గకపోవడమేమిటి?

అడిగితే పోయేది. కానీ తిన్నావా అని అడగడం ఆ ఇంట్లో అమ్మ పని. ఆవిడ పోయాక ఆ మాట ఎత్తడానికి ఇద్దరికీ నోరు రాలేదు. అడిగే బదులు అతను ఫోనులో, అదివరకు అప్పు తీసుకున్నవాళ్ళ దగ్గరే, ఇప్పుడు తీసుకోండి తర్వాత కట్టండి అనే చోట, ఆమెకిష్టమైన సన్నబియ్యం కొన్నాడు. ఆమె పనికి వెళ్ళాక డబ్బాలో పోశాడు. ఆ తర్వాత మంచి నూనె, పప్పు, పాలపొడి. తిన్న అన్నం అరిగిపోయిన రెండు నెలలకు కూడా దాని వాయిదా నడుస్తూనే ఉండేది. డబ్బా మాత్రం తగ్గలేదు. తగ్గనికొద్దీ అతనికి దిగులు ఎక్కువైంది, దిగులు ఎక్కువైనకొద్దీ ఇంకా కొన్నాడు.

ఈలోగా ఇంట్లో అన్నం చెడిపోవడం మొదలైంది. ఒక మెతుకు జావలా, పక్క మెతుకు రాయిలా వచ్చేది. నానమ్మ వండితే ఇలా ఉండేది కాదని నాలుగో తరగతి చదివే పాప ఒకరోజు అనేసి, తల్లి మొహం చూసి తలదించుకుంది. తప్పు కుక్కరుదని మెకానిక్ తేల్చాడు. మూత రబ్బరు మార్చాడు. నెల తిరక్కుండా మళ్ళీ మార్చాడు. ఎత్తయిన భవనాల్లో మనుషుల్ని పైకీ కిందికీ మోసే యంత్రాలు తన మాట వింటాయి కానీ ఇంట్లో మూడు లీటర్ల కుక్కరు వినడం లేదని స్పానర్ దగ్గర వాపోయాడు.

స్పానర్ అంటే పొద్దున చేబదులు ఇచ్చిన తోటి మెకానిక్. అసలు పేరు కంపెనీ రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అతను ఆ భవనానికే వచ్చాడు. మెకానిక్ అతని ఫోను అడిగి తన ఖాతాలోకి వెళ్ళబోయాడు. మీ నంబరుకు ఒక సంకేతం పంపాం, అది కొట్టండి అంది తెర. ఆ నంబరు గుంతలో ఉంది. సహాయ కేంద్రానికి చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి లైను తెగిపోయింది. వీధి చివర సిమ్ముల దుకాణానికి పరిగెత్తాడు. కొత్త సిమ్ముకు గుర్తింపు కార్డు అసలుది కావాలన్నారు. అది ఇంట్లో బీరువాలో ఉంది.

తిరిగొచ్చి కింది అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గర నిలబడ్డాడు. కాళ్ళ కింద, గడప అవతల, సన్నగా ఫోను మోగుతోంది. ఆగింది. రెండు నిమిషాలకు మళ్ళీ మోగింది. ఆరు కాకుండానే మొదలుపెట్టారన్నమాట. మూడింటి లోపు పదిసార్లయినా మోగి ఉంటుంది. మోగినప్పుడల్లా అతను గడప సందులోకి తొంగిచూశాడు. లిఫ్టు ఎక్కడానికి వచ్చినవాళ్ళు ఆ చప్పుడు ఎక్కడినుంచో తెలియక ఒకరి జేబులు ఒకరు చూసుకున్నారు.

"గుంతలో ఎవరో చుట్టాలున్నట్టున్నారే, వదలకుండా పిలుస్తున్నారు," అన్నాడు వాచ్‌మన్.

ఆ ఫోనులో అమ్మ గొంతు కూడా ఉంది. వచ్చేటప్పుడు ఉప్పు తీసుకురా అని పంపిన ఆరు సెకన్ల మాట. వాచ్‌మన్‌తో ఆ సంగతి చెప్పలేదు.

నాలుగింటికి ఇంకో భవనంలో పని ఉంది. వెళ్ళకపోతే సగం రోజు జీతం కోస్తారు. తన బదులు వెళ్ళమని స్పానర్‌ను బతిమాలాడు. ఎందుకని స్పానర్ గుచ్చి గుచ్చి అడిగాడు. పొద్దున చేబదులు అడిగినప్పుడు చెప్పనిది ఇప్పుడు చెప్పక తప్పలేదు. అప్పు సరుకుల కోసమేనని, ఇంట్లో తెలియదని, ఆరింటికి తెలిసిపోతుందని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

స్పానర్ పగలబడి నవ్వాడు. "దీనికేనా బావా ఇంత ముఖం వేలాడేశావు? నాకు మూడు నడుస్తున్నాయి. ఒకటి నూనెకి, ఒకటి పాలపొడికి, మూడోది ఆ రెండూ కట్టడానికి."

"చెల్లెమ్మకు తెలుసా?"

"తెలియకేం. మూడోది తన పేరు మీదే తీసుకున్నాం." నవ్వు ఆపి, "పో బావా. నీ లిఫ్టు నేను చూసుకుంటాలే. ఇంటికి పోయి ముందు నువ్వే చెప్పు. వాళ్ళు చెబితే వేరేగా ఉంటుంది," అన్నాడు.

బస్సు గంటన్నర పైనే పడుతుంది. కూర్చోవడానికి చోటు దొరికినా కూర్చోలేకపోయాడు. రెండు స్టాపులకోసారి ఎవరినో ఒకర్ని టైమెంత అని అడిగాడు. చెప్పాల్సిన మాట మనసులో కూర్చుకున్నాడు. అమ్మ పోయాక నువ్వు తినడం లేదని, అంటూ మొదలుపెడదామనుకున్నాడు. అలా అంటే నెపం ఆమె మీదికి నెట్టినట్టవుతుందని మార్చాడు. ధరల గురించి మొదలుపెడదామనుకున్నాడు. ధరల సంగతి ఆమెకు తాను చెప్పేదేముంది? ఎదుటి సీట్లో ఒకావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచిలో చిన్న నూనె పొట్లం ఒకటి, గుప్పెడంత పంచదార పొట్లం ఒకటి, మూడు గుడ్లు. బస్సు కుదిపినప్పుడల్లా ఆవిడ గుడ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. మాట కూర్చుకోవడం మానేసి అతను ఆ చెయ్యే చూస్తూ నిలబడ్డాడు.

ఇల్లు చేరేసరికి ఆరుకు పది నిమిషాలుంది. రెండో అంతస్తులో రెండు గదులు. మెట్లు రెండేసి ఎక్కాడు. ఆమె స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. పాప నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేస్తోంది. ఆమె ఫోను పాప పక్కన పీట మీద ఉంది. ఇంకా మోగలేదు.

ఇంత తొందరగా వచ్చారేమని ఆమె అడగలేదు. కనీసం తిరిగి చూడలేదు. అది అతనికి వింతగా తోచింది. కాళ్ళు కడుక్కున్నాడు. మంచినీళ్ళు తాగాడు. గొంతు సవరించుకున్నాడు. పొద్దున ఫోను లిఫ్టు గుంతలో పడిపోయిందని, ఇంకా అక్కడే ఉందని చెప్పాడు.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "పొద్దున్నా? ఎన్నింటికి?"

"పదకొండుకి."

"అయితే అప్పట్నుంచీ మీ దగ్గర లేదా?"

లేదన్నాడు. ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. పొద్దుట్నుంచి మోస్తున్నదేదో దింపినట్టు. బ్లీచింగు నీళ్ళకు ముడతలు పడ్డ వేళ్ళతో ముఖం తుడుచుకుంది. ఫోను పోయిందంటే ఇంత ఊరట పడడమేమిటో అతనికి అర్థం కాలేదు. ఇప్పుడే చెప్పేయాలనుకున్నాడు. నీతో ఒక మాట అని నోరు తెరిచాడు.

పీట మీద ఫోను మోగింది.

పాప తల ఎత్తి చూసింది. ఏదో తెలియని నంబరంది. మెకానిక్ రెండడుగులు వేసేలోగా వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఎత్తి, అమ్మ ఇంట్లో లేదని చెప్పు."

అతను ఆగిపోయాడు. ఆమె కూడా తన మాట తానే విన్నదానిలా ఆగిపోయింది. ఆ మాట ఎక్కడిదో వాళ్ళిద్దరికీ తెలుసు. పాపకు తెలియదు. పాప చెయ్యి చాపి ఫోను తీసుకుంది, వేలు తెర మీద పెట్టబోయింది.

"వద్దు," అంది ఆమె. "వద్దమ్మా, ఎత్తకు. ఇలా ఇవ్వు."

లేచి రాబోయింది కానీ ఈలోగా అతనే పాప చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. అది తన కోసమేనంది ఆమె, ఇచ్చేయమంది. కాదు, తన కోసమని అతను అన్నాడు. మీకెందుకు చేస్తారని ఆమె, నీకెందుకు చేస్తారని అతను. ఇద్దరి మధ్యా ఫోను మోగుతూనే ఉంది. చివరికి అతనే ఎత్తాడు.

అప్పుల ఆఫీసు అమ్మాయే. సార్ నంబరుకు చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదని, మేడంగారు కొంచెం చెప్పాలని, ఇవాళ్టి వాయిదా రెండువేల నాలుగు వందలని మర్యాదగా చెప్పుకుపోయింది. గది చిన్నది, ఆ గొంతు అందరికీ వినిపించింది.

"నేనే మాట్లాడుతున్నానమ్మా," అన్నాడతను, భార్య ముఖంలోకి చూస్తూ. "అప్పు తీసుకుంది నేనే. ఫోను పోయింది. రేపు మధ్యాహ్నంలోగా కడతాను."

ఆలస్యానికి నూటయాభై అదనంగా పడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. పడనీయమన్నాడు. అమ్మగారెలా ఉన్నారని అడిగింది. పోయిందని చెప్పాడు. అయ్యో సార్ అంది ఆ అమ్మాయి. తర్వాత ఫోను పెట్టేసింది.

అతను అనుకున్నట్టుగా ఏమీ చెప్పలేకపోయాడు. నువ్వు తినడం లేదనుకున్నాను అన్నాడు, అంతే. బియ్యం తగ్గకపోతే భయమేసిందన్నాడు. ఆమె కోప్పడుతుందని, లేదా ఏడుస్తుందని చూశాడు. ఆమె రెండూ చేయలేదు. వంటింట్లోకి వెళ్ళి డబ్బా ఎత్తి తెచ్చి గది మధ్యలో పెట్టింది.

"నేను తినకపోవడమేంటి? లాండ్రీలో నిలబడి నిలబడి వచ్చి ఒక్కదాన్నే రెండు కంచాలు తింటున్నాను. తినడం మానేసింది మీరు కదా?"

తానూ తింటున్నానన్నాడు. డబ్బా చూస్తే తెలియడం లేదా అని అడిగింది ఆమె. రోజూ సాయంత్రం మూత తీస్తే బియ్యం అంతే ఉంటున్నాయట. అమ్మ మీది బెంగతో పొద్దున బియ్యం తీసి వండుకోకుండా, తినకుండానే వెళ్ళిపోతున్నాడనుకుందట. అందుకని గుడ్లు, నూనె; లోటు కనబడితే ఇంకా తగ్గించుకుంటాడని, అత్తయ్య పోయిన వారం నుంచే డబ్బాలో వండినంతా మళ్ళీ బియ్యం. లాండ్రీ గేటు దగ్గర శుక్రవారం శుక్రవారం వసూలుకు వచ్చే ఒక అక్క దగ్గర తీసుకుందట, వారం వడ్డీకి. రెండు వారాలు కట్టలేదు. ఇవాళ కట్టకపోతే మీ ఆయనకే ఫోను చేస్తానని ఆ అక్క గేటు దగ్గర అందరి ముందూ అంది. రెండింటి నుంచీ ఆమె అతనికి చేస్తూనే ఉంది, ఆ అక్క కంటే ముందు తానే చెప్పాలని.

"ఎన్నిసార్లు చేశానో. మీరు ఎత్తకపోతే తెలిసిపోయిందనుకున్నాను. కావాలనే ఎత్తడం లేదనుకున్నాను."

ఆమె పాత పేపరు పరిచి డబ్బా వంచింది. రాశి పోసినట్టు పడ్డ బియ్యంలో రెండు రంగులున్నాయి. సన్నగా, పొడుగ్గా, తెల్లటివి కొన్ని. పొట్టిగా, లావుగా, పసుపు పారినవి కొన్ని. సన్నవి పొద్దున పోసినవి. లావువి, దుకాణంలో అన్నిటికంటే తక్కువ ధరవి, సాయంత్రం పోసినవి. ఒకదాని మీద ఒకటి నాలుగు నెలలుగా పొరలు పొరలుగా పడ్డాయి. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి సగం కూడా ఉడికేది కాదు.

పాప దగ్గరికి జరిగి ఒక సన్నగింజ, ఒక లావుగింజ అరచేతిలో పెట్టుకుని చూసింది. "అయితే కుక్కరు తప్పేం లేదన్నమాట," అంది.

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండుసార్లు రబ్బరు మార్చారు కదా అని అతని వైపు వేలు చూపించి మళ్ళీ నవ్వింది. నవ్వుతూనే బియ్యం పక్కన కూర్చుండిపోయింది. కొడుకూ కోడలూ ఎవరికి వారు ఏం చేస్తున్నారో అత్తయ్యకు రెండు రోజుల్లో తెలిసిపోయేదని అంది, నవ్వు తగ్గాక. అతను తల ఊపాడు. ఇద్దరూ కలిసి బియ్యం మళ్ళీ డబ్బాలోకి ఎత్తారు.

రాత్రికి ఆ కలగాపులగపు బియ్యమే కడిగి పెట్టారు. నీళ్ళెక్కువ పోసి, ఎక్కువసేపు ఉడికించింది. మొత్తం జావైంది కానీ రాయి మాత్రం తగల్లేదు. ముగ్గురూ ఒకచోట కూర్చుని తిన్నారు. ఎవరు ఎంత తింటున్నారో దొంగచూపులు చూసుకోకుండా తిన్నారు.

తిన్నాక ఆమె పాప చిత్తు పుస్తకం తెరిచి లెక్క రాసింది. పొదుపుగా చిన్న అక్షరాలతో రాసే అలవాటు ఆమెది. తనది ముందు రాసుకుంది, గేటు అక్కకు, కట్టని రెండు వారాలతో కలిపి, ఇవ్వాల్సిన ఏడు వారాలు. సోమవారం పర్యవేక్షకుడిని అడిగి అదనపు షిఫ్టు వేయించుకుంటానంది. ఇక ఇంట్లోకి లావు బియ్యమే అంది, అది కూడా ఇద్దరూ కలిసి వెళ్ళి తేవాలంది. తర్వాత పెన్ను పట్టుకుని అతని వైపు చూసింది. ఎంత తీసుకున్నారు, ఎన్ని వాయిదాలున్నాయి అని అడిగింది. అతను చెప్పాడు. ఇంకా అయిదున్నాయి. ఆమె రాసి, కింద గీత గీసి, కూడింది. కనుబొమలు ముడిచింది, కానీ బెదిరిపోలేదు. కష్టపడితే ఆరు నెలలంది.

"ఇంతేనా?" అంది.

స్పానర్ చెప్పిన మూడో అప్పు లాంటిది అతనికీ ఒకటుంది. సరుకుల అప్పు వాయిదాలు కట్టడానికి వేరే చోట చేసింది. దానికి ఇచ్చినవి స్పానర్ నంబరు, ఆఫీసు నంబరు. అది చెబితే ఆ గీత కొట్టేసి లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి. ఆమె ముఖంలో ఇందాకటి నవ్వు తడి ఇంకా ఆరలేదు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

"ఇంతే," అన్నాడు.

ఆమె పుస్తకం మూసి పాప సంచిలో పెట్టింది. అతను లేచి, ఎనిమిదయింది కాబట్టి ఫోను తెచ్చుకోవాలని చెప్పి చొక్కా వేసుకున్నాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాడు, ఒకసారి వెనక్కి నాలుగు మెట్లు ఎక్కాడు కూడా. తర్వాత దిగిపోయాడు.

ఆ రెండో అప్పు వాయిదా ఇరవై నాలుగో తారీఖున. దాని సంగతి అతను ఆమెకు ఇంకా చెప్పలేదు.